ఖాంగ్ జాడీ ఇచ్చేశాడు

ఆ రోజు ఖాంగ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే లేవాలి. మూడు కూరలు వండాలి. పన్నెండు గంటలకు కంచె దగ్గరికి వెళ్ళి పక్కింటి మియెన్ గారిని భోజనానికి పిలవాలి. ముప్పై నాలుగేళ్ళు రైలు గేటు దగ్గర పనిచేసిన మనిషికి వేళ తప్పడం చేతకాదు కాబట్టి మొదటి రెండు పనులూ సాఫీగా సాగిపోతాయనీ, మూడోదానికి మాత్రం కాస్త గుండె దిటవు కావాలనీ అనుకున్నాడు. అనుకున్నది తలకిందులైంది. గుండె దిటవుగానే ఉంది. కూరలే మిగల్లేదు.

మా హ్వే ఊళ్ళో పున్నమినాడూ, నెల మొదటి రోజునా ఇల్లిల్లూ శాకాహారమే. ఆ రెండు రోజులూ చేప లేదు, గుడ్డు లేదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా లేవు. మియెన్‌కు మాత్రం అన్ని రోజులూ పున్నమే. ఎనిమిదేళ్ళ కిందట భర్త పోయినప్పటినుంచి ఆమె నీచు ముట్టలేదు. వరండాలో కూర్చుని ఆకుటోపీలు కుట్టుకుంటుంది, ఎవరి జోలికీ వెళ్ళదు. కానీ ఆరేళ్ళుగా ప్రతి పున్నమికీ, ప్రతి నెల మొదటి రోజుకీ ఆమె చేతులు రెండూ కంచె మీదుగా ఒక నీలిపూల గిన్నెను ఇవతలికి అందిస్తున్నాయి. గిన్నెలో అన్నం, దాని మీద మూడు కూరలు మూడు చోట్ల, ఒకదానికొకటి తగలకుండా. మర్నాడు ఖాంగ్ ఆ గిన్నె కడిగి, వట్టిది ఇవ్వకూడదు గనక అందులో ఒక జామకాయో బత్తాయో పెట్టి తిరిగి ఇచ్చేవాడు. "బాగున్నాయండీ" అనేవాడు. "ఏదో చేశానండీ" అనేది ఆమె. ఆరేళ్ళలో నూట నలభై చిల్లర సార్లు వాళ్ళిద్దరి మధ్యా జరిగిన సంభాషణ ఇంతే.

ఖాంగ్ పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉన్నన్నాళ్ళూ గేటు వేసి, పచ్చజెండా పట్టుకుని, ఎక్కడికో వెళ్ళిపోయేవాళ్ళని చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళలో కొందరు చెయ్యి ఊపేవారు, అతనూ ఊపేవాడు, అంతటితో సరి. ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చున్నాక తెలిసింది, తనకోసం ఆగిన బండి ఒక్కటీ లేదని. ఆ గిన్నె వచ్చిన రోజున మాత్రం ఏదో ఆగినట్టుండేది. కడిగిన గిన్నెను వెంటనే ఇవ్వడానికి మనసొప్పక, ఆ రాత్రికి దాన్ని బల్ల మీద తన కుర్చీకి ఎదురుగా పెట్టుకునేవాడు. అరవై రెండేళ్ళ మనిషి గిన్నెకు ఎదురుగా కూర్చుని టీ తాగడం ఎవరైనా చూస్తే నవ్వుతారని తెలుసు. అయినా కూర్చునేవాడు. ఎదురుగా ఆమె కూర్చుని ఉప్పు అందించమంటే ఎంత బాగుంటుందో అనుకునేవాడు. ఉప్పు అందించడం ఏమంత పెద్ద పనని మనం అనుకోవచ్చు. అడిగే మనిషి లేనివాడికి అది పెద్ద పనే.

అడగడానికి మాటలు రావని అతనికి తెలుసు. అందుకని వండి అడుగుదామనుకున్నాడు. ఉద్యోగం మానినప్పుడు వెంట తెచ్చుకున్న రైళ్ళ రాకపోకల పుస్తకం ఒకటి ఉంది. ఆరేళ్ళుగా గిన్నెలో వచ్చిన ప్రతి కూరనూ అందులో రాసిపెట్టుకున్నాడు. "నేతిబీరకాయ చారు. 11.40కి వచ్చింది. ముక్కలు ఏటవాలు. బియ్యపు కడుగు వాడినట్టుంది." "మేడికాయలు. 11.35. నువ్వులు దోరగా వేపినవి. ఆలస్యం లేదు." అర్థంకాని చోట్ల ప్రశ్నార్థకం పెట్టుకుని, ఆ ప్రశ్నలు పట్టుకుని కొండమీది పగోడాకు, అంటే బుద్ధుడి గుడికి వెళ్ళి, వంటింట్లో ఉండే ముసలి సన్యాసినిని అడిగాడు. కోసిన మేడికాయ నల్లబడకుండా ఉప్పునీళ్ళలో వెయ్యాలని ఆమె చెప్పింది. పుస్తకం ఇంట్లోనే మరిచిపోయి, ఒక్కోసారి ఒక్క ప్రశ్నే గుర్తుండటంతో వారంలో మూడుసార్లు వెళ్ళాల్సి వచ్చింది.

రోజు ఎంచుకోవడంలోనూ చాలా ఆలోచించాడు. పున్నమినాడు ఎవరు ఎవరికి కూర ఇచ్చినా అది ఇరుగుపొరుగు మర్యాద. అందులో మనసెంతో మర్యాదెంతో విడదీయలేం. అదే నెలలో ఇరవై రెండో రోజున, ఏ దేవుడికీ ఏ పూజకీ సంబంధంలేని రోజున, ఒక మగవాడు కూరగాయల వంట చేసి పిలిచాడంటే ఇక సాకు లేదు. ఆమెకు తెలిసిపోతుంది. అందుకే ఇరవై రెండు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. అసలు చిక్కు మూడు రోజుల ముందు, జాడీతో మొదలైంది.

నీచు ముట్టనివాళ్ళు చేప వండిన కుండలో వండింది తినరు. కాబట్టి ఖాంగ్ మూడు కొత్త మట్టికుండలు కొన్నాడు. వంటిల్లు కడిగాడు. కానీ ఎంత కడిగినా, మూల ఉన్న రొయ్యల ముద్ద జాడీ తానున్నానని చెబుతూనే ఉంది. ఊరిన రొయ్యల ముద్ద లేనిదే మా ఊళ్ళో చారు లేదు, పులుసు లేదు, బతుకే లేదు. పైగా అది అతని తల్లి నాటి జాడీ. మూడు రోజులు ఎక్కడైనా దాచి తర్వాత తెచ్చుకోవచ్చు, తెలివైనవాడైతే అదే చేసేవాడు. ఖాంగ్ మాత్రం జాడీని, ఉప్పులో ఊరిన చేప రసం సీసాలు రెండిటిని, చేపలు వేపి మాడిన మూకుడుని ఎత్తుకెళ్ళి ఎదురింటి లాయ్ గుమ్మంలో పెట్టాడు. లాయ్ బజారులో రొయ్యల ముద్దే అమ్ముతుంది.

"ఇవి నువ్వుంచుకో, లాయ్."

లాయ్ జాడీ మూత తీసి వాసన చూసింది. మళ్ళీ అతని మొహం చూసింది. "ఇది మీ అమ్మగారిది కదా, అన్నయ్యా."

"అవును. నాకిక వీటితో పని లేదు."

"ఎప్పటినుంచి?"

"ఇరవై రెండునుంచి" అన్నాడు ఖాంగ్, చెవులు ఎర్రబడుతుండగా. అంతకంటే చెబితే మియెన్ పేరు చెప్పాల్సి వస్తుంది. ఆమెతో చెప్పకముందు ఇంకొకరితో చెప్పడం మర్యాద కాదు.

వేరే ఊళ్ళో అయితే ఎందుకని అడిగేవాళ్ళు, కథ అక్కడితో ముగిసేది. మా ఊళ్ళో సూటిగా అడగడం మొరటుతనం. మనవాళ్ళు చూస్తారు, ఊహిస్తారు, మళ్ళీ చూస్తారు. లాయ్ చూసింది. పెళ్ళాం పిల్లలు లేని మనిషి తల్లి జాడీ ఇచ్చేశాడు. కొత్త కుండలు కొన్నాడు. వారంలో మూడుసార్లు పగోడాకు వెళ్ళి వంటింటి దారినే వెళ్ళాడట. రోజు కూడా చెప్పేశాడు. ఇంకేం కావాలి? హ్వేలో పుట్టినవాడు రొయ్యల ముద్దను వదులుకున్నాడంటే ఈ లోకాన్ని వదులుకున్నట్టే. లాయ్ కళ్ళు తుడుచుకుని బజారుకు వెళ్ళింది. మధ్యాహ్నానికి బజారంతటికీ తెలిసింది, ఇరవై రెండో రోజున ఖాంగ్ సన్యాసం పుచ్చుకుంటున్నాడని.

ఇరవై రెండు పొద్దున ఎనిమిదింటికి పుట్టగొడుగులు మిరియాలతో కలిసి చిన్న కుండలో దగ్గరపడుతున్నాయి. నేతిబీర చారు దించి మూతపెట్టాడు. ఉప్పునీళ్ళలో ఉంచి, ఉడికించి, పల్చగా తరిగిన మేడికాయలు తెల్లగా పళ్ళెంలో పరుచుకున్నాయి. నువ్వులు చల్లి, నాలుగు ఆకులు తుంచి వేసి, ఖాంగ్ రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఆమె గిన్నెలో ఉన్నట్టే ఉంది. అతనికి సంతోషం వేసింది. అప్పుడే మంగలి థొంగ్ సంచీతో లోపలికి వచ్చాడు.

థొంగ్ మా సందు మొగలో గోడకు అద్దం తగిలించి క్షవరం చేస్తాడు. ఒకరి ఇంటికి వెళ్ళి చేసింది లేదు. "ముప్పయ్యేళ్ళుగా నీ తల నా చేతుల్లోనే ఉందన్నా. ఇవాళ్టి రోజున ఇంకెవడి చేతిలోనో పెడితే నాకు బాధేస్తది. కూర్చో."

ఖాంగ్ గతుక్కుమన్నాడు. "నీకెలా తెలిసింది?"

"సందంతా తెలుసు. ఎవరం అడగలేదు, అంతే."

"ఏమంటున్నారు?"

"ఏమంటారు, లేటైనా మంచి పనే అంటున్నారు. నన్నడిగితే అయిదేళ్ళ కిందటే చెయ్యాల్సింది."

తన మనసులోని మాట ఇన్నాళ్ళూ అందరూ కనిపెట్టి, నవ్వకుండా దాచిపెట్టారన్నమాట. ఇంత మంచి సందులో ఉంటూ తాను ఒంటరివాణ్ణని అనవసరంగా బాధపడ్డాననుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలి, "బాగా చెయ్యి, థొంగ్" అన్నాడు. తెల్లవారుజామున మూడింటికి లేచినవాడు. వెచ్చటి తడిగుడ్డ తల మీద పడగానే కళ్ళు మూతలు పడ్డాయి.

కళ్ళు తెరిచేసరికి నుదుటి మీంచి నడినెత్తి దాకా ఒక దారి పడి ఉంది, రైలు పట్టాలు వేసుకునేంత శుభ్రంగా.

"ఇదేంటి, మొత్తం తీసేస్తున్నావా?"

"కదలకు, తెగుద్ది. మరి సగం ఉంచుతారా?"

సగం ఉంచుకుని ఏం చేసుకోవాలో ఖాంగ్‌కూ తోచలేదు. థొంగ్ పని పూర్తి చేసి, కత్తి తుడిచి, నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. "నీ చేతి ప్రసాదం ఒక ముద్ద పెట్టుకుంటా" అని చిన్న కుండ ముందేసుకుని కూర్చున్నాడు. ఖాంగ్ అద్దంలో తన గుండును చూసుకుని తేరుకునేలోపల కుండ అడుగున చెంచా గీరుకున్న చప్పుడు వినిపించింది.

"మిరియం బాగా పడిందన్నా. పుట్టగొడుగంటే నమ్మబుద్ధి కాలేదు" అన్నాడు థొంగ్, మూతి తుడుచుకుంటూ.

గేటు ముందు రిక్షా ఆగింది. నదికి అవతల ఉండే అతని చెల్లెలు థాయో రెండు పాత తువ్వాళ్ళు పట్టుకుని దిగింది. అన్న గుండు చూసి గుమ్మంలోనే కూలబడింది.

"నిజమేనన్నమాట. లాయ్ కబురు పెడితే నమ్మలేదు. అమ్మానాన్నల ఫొటోలు తీసుకెళ్దామని వచ్చాను. నువ్వు పగోడాలో కూర్చుంటే వాళ్ళకి అగరొత్తి ఎవరు వెలిగిస్తారు?"

"పగోడాలో ఎవరు కూర్చుంటున్నారు?"

"నువ్వు. సన్యాసం పుచ్చుకుని."

ఖాంగ్‌కు అప్పుడు తల తిరిగింది. థొంగ్ మాటలు, లాయ్ కన్నీళ్ళు, మొన్నటినుంచి టీకొట్టువాడు తనకు చేతులు జోడించడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. "నేనే పగోడాకీ పోవట్లేదు" అన్నాడు.

"గుండు పెట్టుకుని చెబుతున్నావా ఆ మాట?"

"అది థొంగ్ చేశాడు."

"ఆయనే బాగా చెయ్యమన్నాడు" అన్నాడు థొంగ్.

"సరే. అమ్మ జాడీ ఎందుకిచ్చేశావు? కొత్త కుండలెందుకు? పగోడాకి మూడుసార్లు ఎందుకెళ్ళావు? పున్నమి కాదు, ఏం కాదు, ఇవాళ ఈ వంటేమిటి? చెప్పు."

అన్ని ప్రశ్నలకూ జవాబు ఒకటే, ఒక చిన్న పేరు. ఆ పేరు కంచెకు అవతల, పాతిక అడుగుల దూరంలో, టోపీ కుడుతూ ఉంది. తాను ఇంకా అడగనైనా అడగని మనిషి పేరును మంగలి ముందు, రిక్షావాడి ముందు బయటపెట్టి, ఆమె కాదంటే? ఎనిమిదేళ్ళుగా మచ్చలేకుండా బతికిన మనిషి ఇక ఈ సందులో తలెత్తుకు తిరగగలదా? ఖాంగ్ నోరు మూసుకున్నాడు. ఆ మౌనం చూసి థాయోకు ఉన్న కాస్త అనుమానమూ పోయింది. ఎంతైనా సన్యాసి మౌనంలా ఉంది.

థాయోకు ఏడిస్తే ఆకలేస్తుంది, చిన్నప్పటినుంచీ అంతే. పీట వేసుకుని బీరకాయ చారు ఒక గిన్నె వంచుకుంది. "ఇంత కమ్మగా వండటం నీకెప్పుడొచ్చింది అన్నయ్యా" అని ఏడుస్తూ ఇంకో గిన్నె వంచుకుంది. "ఇన్నేళ్ళూ ఒక్కపూట పెట్టావా నాకు" అంటూ మూడోది. అన్నయ్య చేతివంట ఇక దొరకదనే బాధలో కుండ ఖాళీ అయిన సంగతి కూడా ఆమె గమనించలేదు. రిక్షావాడికి సగం గిన్నె దక్కింది.

మేడికాయలైనా మిగిలాయి కదా అని ఖాంగ్ పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి నిలుచున్నాడు. పదిన్నరకు లాయ్ వచ్చింది, బజారు ఆడవాళ్ళు ఆరుగురిని వెంటబెట్టుకుని. చేతుల్లో అగరొత్తులు, అరటిగెల. వాళ్ళందరూ అతనికి నమస్కారం పెట్టారు. అతను తిరిగి పెట్టడానికి చెయ్యి తీయాల్సి వచ్చింది.

"దర్శనం చేసుకుపోదామని, అన్నయ్యా" అంది లాయ్. చూపు పళ్ళెం మీద ఉంది.

మా మర్యాద ప్రకారం ఇంటికి వచ్చినవాళ్ళను ఇంటాయన తినమనాలి. వాళ్ళు మూడుసార్లు వద్దనాలి. అప్పుడు ఇంటాయన ఊపిరి పీల్చుకుని పళ్ళెం లోపల పెట్టుకోవచ్చు. "తినండమ్మా" అన్నాడు ఖాంగ్, ఆ మూడు వద్దుల కోసం ఎదురుచూస్తూ. ఒక్కరూ ఒక్కసారి కూడా వద్దనలేదు. ప్రసాదం వద్దనకూడదు కదా. పళ్ళెం పక్కనున్న నువ్వుల అప్పడం విరిచి, మేడికాయ ముక్కలు అప్పడంతో ఎత్తి, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నారు.

"మాంసం పక్కన పెట్టినా దీన్నే తింటాను" అంది ఒకావిడ.

"మనసు నిర్మలంగా ఉంటే చెయ్యి అట్లా తిరుగుద్ది" అంది లాయ్, ఆఖరి ముక్క తీసుకుంటూ.

పదకొండున్నరకు ఖాంగ్ వంటింట్లో ఒక్కడే నిలబడ్డాడు. బయట వరండా నిండా జనం, అతన్ని పగోడా దాకా సాగనంపడానికి. లోపల మూడు ఖాళీ కుండలు, కొంచెం అన్నం, ఒక సీసాలో దంచిన నువ్వుల ఉప్పు. మూడు నెలలు తయారైన పని మూడున్నర గంటల్లో అయిపోయింది. ఇంకో నెల ఆగి చేద్దాంలే అని తనకు తాను చెప్పుకోబోయాడు. చెప్పుకోలేకపోయాడు. ముప్పై నాలుగేళ్ళు గేటు దగ్గర ఆగాడు, ఆరేళ్ళు కంచె దగ్గర ఆగాడు. ఇక ఆగే ఓపిక ఒంట్లో మిగల్లేదు. పెరట్లోకి వెళ్ళి, కంచె మొదట్లో పాకిన చిలగడదుంప తీగ ఆకులు గుప్పెడు తుంచి, ఉన్న నీళ్ళు మరగబెట్టి అందులో వేశాడు. ఆకుపచ్చదనం పోకముందే తీసి పళ్ళెంలో పెట్టాడు. దాని పక్కన కాస్త నువ్వుల ఉప్పు పోశాడు. ప్రపంచంలో ఇంతకంటే పేద వంట లేదు. అతనికి ఏడుపొచ్చింది.

అప్పుడు వరండాలో మాటలు ఆగిపోయాయి.

మియెన్ వస్తోంది. కంచె దగ్గరికి కాదు, గేటు తెరుచుకుని. ఆరేళ్ళలో ఆమె ఆ గేటు దాటింది లేదు. ఎడమ చంకలో రొయ్యల ముద్ద జాడీ, కుడిచేతిలో మూతపెట్టిన నీలిపూల గిన్నె. ఆ గిన్నెలోంచి మిరియాల చేప పులుసు వాసన వస్తోంది. నీచు ముట్టని మనిషి చేప వండి మోసుకొస్తోంటే లాయ్ నోరు తెరుచుకుని దారి ఇచ్చింది. మియెన్ ఎవరినీ చూడలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, అతని గుండు చూసింది.

"ఈ జాడీ మీది. లాయ్‌ని అడిగి తెచ్చాను."

"మీరు ముట్టుకున్నారా దాన్ని?"

"ముట్టుకున్నాను. అందులోది వేసి చేప వండాను. రుచి చూడలేదు, చూడలేను. ఉప్పు ఎంత పడిందో తెలీదు." ఆమె జాడీని బల్ల మీద పెట్టింది. "ఇది మళ్ళీ మీ ఇంట్లో పెట్టుకోండి. పున్నమికి పగోడాకు వెళ్ళిరండి, కాదనను. ఉండిపోవడానికి వెళ్ళకండి."

అంత వంకర లేని వాక్యం మా సందులో ఎవరి నోటా వచ్చినట్టు నాకు గుర్తులేదు. థొంగ్ చేతిలోని టీకప్పు గాల్లోనే ఆగింది.

"నేనెక్కడికీ వెళ్ళట్లేదండీ" అన్నాడు ఖాంగ్.

"మరి ఆ తల?"

"నిద్రపట్టింది."

మియెన్ చూపు పళ్ళెం మీద పడింది. ఉడికిన ఆకులు, నువ్వుల ఉప్పు. "సన్యాసి భోజనం కాదూ ఇది?"

"నాక్కాదు, మీకు." ఇక దాచడానికి అతని దగ్గర జుట్టు కూడా లేదు. "ఇవాళ మిమ్మల్ని భోజనానికి పిలుద్దామని మూడు కూరలు చేశాను. మేడికాయలు, నేతిబీర, పుట్టగొడుగులు. అన్నీ మీ గిన్నెలో చూసి నేర్చుకున్నవే. కుండలు కొత్తవి, నీచు తగల్లేదు. వాసన రాకూడదని జాడీ ఇచ్చేశాను. కూరలన్నీ వీళ్ళు తినేశారు. ఇదొక్కటే మిగిలింది. మీలాంటి వంటమనిషి ముందు పెట్టడానికి సిగ్గుగా ఉంది."

వరండాలో ఏడెనిమిది మంది ఒకేసారి నేల చూశారు. థాయో తువ్వాలుతో మూతి తుడుచుకుంది. రిక్షావాడు తాను తిన్నది సగం గిన్నేనని గొణిగాడు.

మియెన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ రాత్రుల్లో గిన్నె ఉండే వైపు, ఖాంగ్ కుర్చీకి ఎదురుగా.

"నేను వంటమనిషినని ఎవరు చెప్పారు మీకు?" అంది నెమ్మదిగా. "నేనొక్కదాన్నే అయితే ఉడికిన ఆకులు, నువ్వుల ఉప్పు. ఎనిమిదేళ్ళుగా అదే. ఒక్కదానికోసం మేడికాయలు ఎవరు తరుగుతారు? ఆ మూడు కూరలూ నెలకి రెండుసార్లు, మీ గిన్నె కోసమే చేసేదాన్ని. మీరు బాగున్నాయంటారు, అంతే, లోపలికెళ్ళిపోతారు. ఆ జామకాయ కొయ్యకుండా ఎన్ని రోజులు ఉంచుకునేదాన్నో మీకేం తెలుసు?"

ఖాంగ్‌కు తెలియదు. ఆరేళ్ళూ కంచెకు ఇటువైపు ఒక గిన్నెకు ఎదురుగా ఒకరు, అటువైపు ఒక జామకాయకు ఎదురుగా ఒకరు కూర్చున్నారన్న సంగతి అప్పుడే తెలిసింది. ఆమెకు అన్నం వడ్డించాడు.

ఆమె ఆకులు నువ్వుల ఉప్పులో అద్దుకుని ఒక ముద్ద తిన్నది. "నేను వండకుండా తినడం ఎనిమిదేళ్ళలో ఇదే" అంది. కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. తర్వాత చెయ్యి చాచి, "ఉప్పు తక్కువైంది. ఆ సీసా ఇలా ఇవ్వండి" అంది.

ఖాంగ్ ఇచ్చాడు. కొంచెం బల్ల మీద ఒలికింది.

అతను ఆమె తెచ్చిన గిన్నె మూత తీసి చేప తిన్నాడు. రుచి చూడకుండా వండిన మనిషి అనుమానం కొద్దీ మూడుసార్లు ఉప్పు వేసినట్టుంది. ఆ చేప ఒక్కటి సందులో అందరికీ వారం రోజులు సరిపోయేది. ఖాంగ్ ముల్లుతో సహా తిన్నాడు. అతని కళ్ళ నీళ్ళు ఉప్పు వల్లేనని థొంగ్ ఇప్పటికీ వాదిస్తాడు. అంత ఉప్పు తిన్నవాడు అంత ఆనందంగా ఉండడం నేను చూడలేదు.

"ఎలా ఉంది?" అంది మియెన్.

"బాగుందండీ."

"ఏదో చేశానండీ" అంది ఆమె. ఇద్దరూ నవ్వారు. వరండాలోవాళ్ళకు ఎందుకో అర్థంకాలేదు గానీ మర్యాద కొద్దీ వాళ్ళూ నవ్వారు.

అరటిగెల పంచుకుని జనం వెళ్ళిపోయారు. థాయో తాను తువ్వాళ్ళలో చుట్టి ఉంచిన అమ్మానాన్నల ఫొటోలు విప్పి మళ్ళీ పూజాపీఠం మీద పెట్టి, అగరొత్తి వెలిగించి, వాళ్ళతో చాలాసేపు ఏదో గుసగుసలాడింది. పోతూ పోతూ బీరకాయ చారు ఎలా చేశావని అడిగింది. ఖాంగ్ రైళ్ళ పుస్తకం తీసిచ్చాడు. జుట్టు మూడంగుళాలు పెరిగాక పెళ్ళయింది. థొంగ్ ఈసారి ఇంటికి రానన్నాడు.

ఇప్పుడా ఇంట్లో రెండు పొయ్యిలున్నాయి, ఒకటి ఆమెకు, ఒకటి జాడీకి. అతను ఏ పూట ఏ పొయ్యి దగ్గర తింటాడన్నది మా సందులో ఎవరూ అడగరు. అటుగా వెళ్ళేటప్పుడు కాస్త వాసన చూసుకుని వెళ్తారు.